లినక్స్‌లో హార్డ్ డిస్క్ విద్యుత్ నియంత్రణ – 4వ పాఠం: అరవై అంటే గంట కాదు

మూడో పాఠం చదివి డిస్కుకు విరామ సమయం (ఎంతసేపు వాడకపోతే అది తిరగడం ఆపాలో ఆ సమయం) పెట్టుకున్నవారి ప్రశ్నలలో ఎక్కువ భాగం ఒకే చోట చిక్కుకున్నాయి కనుక, ఈసారి చెప్పవలసిన ఏపీఎం (డిస్కు విద్యుత్ పొదుపు) స్థాయిలను కుదించి, ముందుగా ఆ చిక్కును విప్పుతాను. టెర్మినల్ తెరవడం, డిస్కు అమరికలు మార్చే ఆదేశమైన హెచ్‌డిపార్మ్ ఇన్‌స్టాల్ చేయడం అందరికీ వచ్చినవే.

ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక పాఠకుడు, గంట సేపు వాడకపోతే రెండో డిస్కు ఆగాలని హెచ్‌డిపార్మ్‌లో విరామ సమయం పెట్టే పెద్ద ఎస్ (-S) పక్కన 60 ఇచ్చారు. అది ఐదు నిమిషాలకే ఆగిపోతోంది. కర్నూలులో డీటీపీ సెంటర్ నడిపేవారు అరగంట కోసం 30 ఇచ్చి, రెండున్నర నిమిషాలు పొందారు. ఆ అంకె నిమిషాలూ కాదు, సెకన్లూ కాదు. 1 నుంచి 240 వరకు ఇచ్చిన అంకెను ఐదు సెకన్లతో హెచ్చించాలి: 12 అంటే నిమిషం, 120 అంటే పది నిమిషాలు, 240 అంటే ఇరవై నిమిషాలు. 241 నుంచి 251 వరకు లెక్క మారిపోతుంది. 240 తీసివేయగా మిగిలినన్ని అరగంటలు. కనుక ప్రొద్దుటూరు వారికి కావలసింది 242, కర్నూలు వారికి 241. గరిష్ఠంగా 251 ఇస్తే ఐదున్నర గంటలు. ఇరవై అయిదు నిమిషాలే కావాలని పట్టుబట్టేవారికి ఈ లెక్కలో చోటు లేదు. సున్నా ఇస్తే విరామమే ఉండదు.

ఇక్కడ చిన్న ఎస్ టైపు చేయవద్దు. అది విరామ సమయాన్ని కాక, కంప్యూటరు ఆన్ చేసినా డిస్కు తిరగకుండా ఉండిపోయే సౌకర్యాన్ని మారుస్తుంది. ఆ స్థితిలోని డిస్కును గుర్తించలేని బయాస్‌లు (కంప్యూటరును మొదట లేపే ప్రోగ్రాములు) ఉన్నాయి.

అనంతపురం నుంచి వచ్చిన ప్రశ్న వేరు: ఉన్న ఒక్క డిస్కు ఎప్పటికీ ఆగదేమని. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కులో లాగ్‌లు పడుతూనే ఉంటాయి, దానికి నిద్ర పట్టదు. ఈ పాఠం రెండో డిస్కుకే.

ఇచ్చిన విలువ కరెంటు పోతే పోతుంది. యూపీఎస్ లేని మన ఊళ్లలో, వేసవి కోతల్లో, రోజుకు ఎన్నిసార్లో చెప్పనక్కరలేదు. డెబియన్, ఉబుంటులలో ఈటీసీ ఫోల్డరులోని హెచ్‌డిపార్మ్ డాట్ కాన్ఫ్ ఫైలులో రాస్తే నిలుస్తుంది. లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డిబి వంటి పేర్లు రీబూట్‌లో తారుమారు కావచ్చు కాబట్టి, నేను ఎల్లప్పుడూ బై-ఐడి ఫోల్డరులోని (/dev/disk/by-id) మారని పేరే వాడతాను.

ఏపీఎం సంగతి క్లుప్తంగా: హెచ్‌డిపార్మ్‌లో పెద్ద బి (-B) పక్కన 1 నుంచి 127 వరకు విలువలు డిస్కు ఆగడానికి అనుమతిస్తాయి, 128 నుంచి 254 వరకు అనుమతించవు. 255 ఏపీఎంను తీసివేయమని అడుగుతుంది. అన్ని డిస్కులూ ఒప్పుకోవు.

అభ్యాసం: రెండో డిస్కుకు 242 పెట్టి, వారం రోజులు ఉదయం, సాయంత్రం హెచ్‌డిపార్మ్ పెద్ద సి (-C) తో స్థితి చూడండి. డిస్కు ఆరోగ్య లెక్కలు చూపే స్మార్ట్‌సిటిఎల్‌ ఆదేశంలో 4 (డిస్కు ఎన్నిసార్లు తిరగడం మొదలుపెట్టి ఆగింది), 193 (చదివే హెడ్ ఎన్నిసార్లు పక్కకు వెళ్లి వచ్చింది) వరుసల అంకెలను తేదీలతో పట్టికగా రాయండి. నిద్రలో ఉన్న డిస్కు లేవకుండా ఆ ఆదేశానికి మైనస్ ఎన్ స్టాండ్‌బై (-n standby) చేర్చండి. 193 రోజుకు వందల్లో పెరిగినా విలువలను మార్చవద్దు, ఐదో పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది.