జొన్న చొప్ప, నాపరాయితో ఇంట్లో క్రిస్మస్ పశువుల పాక

పశువుల పాకకు థర్మోకోల్ ఇల్లు కొనక్కర్లేదు. కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో ఎండిన జొన్న చొప్ప, వరిగడ్డి, నాపరాతి ముక్కలు అడిగితే ఎవరైనా ఇస్తారు. యేసు పుట్టిన బేత్లెహేము గుట్టలు సున్నపురాయివి, మన నాపరాయీ సున్నపురాయే. అందుకే మన వస్తువులతో కట్టిన పాకే ఆ చోటికి దగ్గరగా ఉంటుంది.

ముందు బొమ్మల ఎత్తు కొలవండి. 6 అంగుళాల బొమ్మలకు పాక ముందు చూరు 10 అంగుళాలు, నడికొప్పు 16 అంగుళాలు, వెడల్పు 2 అడుగులు, లోతు 1 అడుగు సరిపోతాయి. పాక కట్టాక బొమ్మలు కొంటే యోసేపు తల చూరుకు తగులుతుంది.

నాలుగు మూలలా వెదురు ముక్కలు నిలిపి, వాటి మధ్య చొప్పతో గోడ కట్టండి. జొన్న దంటు లోపలంతా బెండు కాబట్టి మేకు కొడితే చీలుతుంది. 4 అంగుళాలకొకటి చొప్పున పురికొసతో కట్లు వేయాలి. పచ్చి చొప్ప తెస్తే బూజు పడుతుంది, దాని తీపికి చీమలు చేరతాయి. 2 రోజులు ఎండబెట్టి దులిపి వాడండి. కప్పు మాత్రం కొట్టం కప్పినట్టే: గడ్డిని చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపు పరుస్తూ, ప్రతి వరుసా కింది వరుసలో సగం మూసేలా చూడాలి.

బాలయేసును పడుకోబెట్టే తొట్టిని చెక్కతోనే చేయాలని లేదు. యేసు పుట్టిన దేశపు తవ్వకాల్లో రాతిని తొలిచిన తొట్లు బయటపడ్డాయి. నాలుగు నాపరాతి పలకలు అతికించి లోపల గడ్డి వేస్తే చక్కగా ఉంటుంది. ఎద్దు, గాడిద సువార్తల్లో లేవు. తమ యజమానిని అవి ఎరుగుతాయన్న యెషయా 1:3 మాట నుంచి వచ్చాయి. 1223లో ఇటలీలోని గ్రేచోలో ఫ్రాన్సిస్ పునీతుడు తొట్టి, గడ్డి సిద్ధం చేయించినప్పుడు ఎద్దునూ గాడిదనూ సజీవంగా తెప్పించాడు. కాపరి బొమ్మ భుజాన గొంగళి పేలిక ఒకటి వేయండి, మన పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. దూదితో మంచు మాత్రం వద్దు. లూకా మంచు మాటే ఎత్తలేదు, పైగా దూది నిప్పు తగిలితే క్షణంలో అంటుకుంటుంది.

పచ్చదనానికి జొన్నలు మొలకెత్తించండి. క్రొయేషియాలో లూసియమ్మ పండుగైన డిసెంబరు 13న గోధుమలు చల్లుతారు. మనకూ ఆ లెక్క కుదురుతుంది. 12 రాత్రి గుప్పెడు జొన్నలు నానబెట్టి, మరునాడు గుడ్డలో మూటకట్టి, మొలక కనపడగానే పళ్లెంలో రెండు వేళ్ల మందాన ఎర్రమట్టి పోసి చల్లండి. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరిస్తే చాలు. నెల మొదట్లోనే వేస్తే పండుగనాటికి పడిపోతాయి. నీడలో పెడితే పాలిపోయి సాగుతాయి, ఉదయపు ఎండ తగలాలి.

అన్నిటికన్నా ముఖ్యం బొమ్మలు పెట్టే వరుస, ఎక్కువమంది తప్పేదీ ఇక్కడే. అన్నీ ఒకేసారి పెడితే క్రిస్మస్‌కు ముందటి ఆగమన కాలపు ఎదురుచూపు పాకలో కనిపించదు. మొదట పశువులు, ఖాళీ తొట్టి మాత్రమే ఉండాలి. 24 సాయంత్రం మరియమ్మ, యోసేపు రావాలి. బాలయేసును రాత్రి పూజ అయ్యాక, ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లవాడి చేతో పిల్లచేతో పడుకోబెట్టించండి. కాపరులు ఆ తర్వాతే. బాలయేసును చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులను తూర్పు కిటికీలో నిలిపి, రోజుకు కొంచెం ముందుకు జరుపుతూ వాళ్ల పండుగైన జనవరి 6కు పాకకు చేర్చాలి. వాళ్లు వచ్చింది ఇంటికని మత్తయి రాశాడు, ఎందరో చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి ముగ్గురన్నారు. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం సమాధికి గుర్తు. పుట్టుక దగ్గరే సిలువ నీడ ఉందని పిల్లలకు చెప్పాల్సిన చోటిదే.

దీపాలకు ఎల్‌ఈడీ సీరియల్ సెట్టే వాడండి. పాత రకం బల్బులు వేడెక్కుతాయి. వైరు అతుకులు గడ్డికి తగలకుండా వెదురుకు కట్టాలి. కొవ్వొత్తిని పాక లోపల ఎప్పుడూ పెట్టకండి. ఇసుక పళ్లెంలో నిలిపి, పాకకు 2 అడుగుల ఎడంగా ఉంచండి.

పాక విప్పేది జ్ఞానుల పండుగ అయ్యాకే. పాలిష్ పట్టని గడ్డి, చమ్కీ అంటని చొప్ప పశువులకు వేయవచ్చు. ప్లాస్టర్ బొమ్మలను నీళ్లతో కడిగితే రంగు ఊడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పాత నూలుచీర ముక్కల్లో చుట్టి పెట్టెలో పెట్టండి. వార్తాపత్రికలో చుడితే సిరా అంటుతుంది.