అమెరికాలో టీవీ కనెక్షన్ మానేశాక అద్దె పెట్టెలను తిరిగి అప్పగించడం ఎలా?

అమెరికాలో కేబుల్ లేదా శాటిలైట్ టీవీ పెట్టించుకున్న మనవాళ్లలో చాలామంది ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్సు తమ సొంతమేనని అనుకుంటారు. బిల్లులో ఒక మూలన ‘ఎక్విప్‌మెంట్ రెంటల్’ అని కనిపించే పద్దు ఆ పెట్టెకు నెలనెలా కడుతున్న అద్దె. అందువల్ల సర్వీసు మానేసినంత మాత్రాన వ్యవహారం తెగిపోదు. పెట్టె కంపెనీకి చేరి, చేరినట్లు వారి లెక్కల్లోకి ఎక్కే వరకు అది మీ పేరు మీదనే నడుస్తూ ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రుల కాలక్షేపానికని ఆరు నెలల పాటు తెలుగు ఛానళ్లు పెట్టించుకున్నవారికీ, ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి తరలిపోయేవారికీ, ఒకరి పేరు మీద కనెక్షన్ తీసుకుని నలుగురు పంచుకున్న విద్యార్థులకూ ఈ చిక్కు తరచుగా ఎదురవుతుంది.

ముందుగా సర్వీసు రద్దు చేయించాలి. ఫోను చేసినప్పుడు సంభాషణను తగ్గింపు ధరల వైపు మళ్లించడానికి అవతలివారు గట్టిగానే ప్రయత్నిస్తారు కాబట్టి, మానేయాలన్న నిర్ణయం అయిపోయిందని మర్యాదగా ఒకటికి రెండుసార్లు చెప్పవలసి రావచ్చు. కంపెనీ వెబ్‌సైటులో చాట్ సదుపాయం ఉంటే నేను దానినే ఎంచుకుంటాను, ఎందుకంటే ఆ సంభాషణ మొత్తం అక్షరరూపంలో మన దగ్గర మిగులుతుంది. ఏ మార్గంలో మాట్లాడినా నాలుగు సంగతులు అడిగి రాసుకోండి: సర్వీసు ఏ తేదీన ఆగుతుంది, ఖాతాలో ఏయే పరికరాలు ఏ సీరియల్ నంబర్లతో ఉన్నాయి, వాటిని ఎన్ని రోజులలోగా ఎక్కడ అప్పగించాలి, ఈ రద్దుకు సంబంధించిన నిర్ధారణ నంబరు ఏమిటి. ఖాతా ఎవరి పేరున ఉందో వారే ఈ పని చేయాలని కంపెనీలు సాధారణంగా పట్టుబడతాయి. కనుక కనెక్షన్ ఒక రూమ్మేటు పేరున ఉంటే, ఆ రూమ్మేటు ఇండియా విమానం ఎక్కకముందే ఇది పూర్తి చేయించడం మంచిది.

తరువాత వస్తువులను ఒక చోట చేర్చండి. పెట్టెలతో పాటు వాటి పవర్ అడాప్టర్లు, రిమోట్లు, ఇంటర్నెట్ కూడా అదే కంపెనీదైతే మోడెమ్ లేదా గేట్‌వే (మోడెమ్, వై-ఫై రూటరు కలిసి ఉన్న పెట్టె) జాబితాలోకి రావచ్చు. పడకగదిలో వాడకుండా వదిలేసిన రెండో పెట్టెనే ఎక్కువమంది మరచిపోతారు. సామాన్ల లారీ రాకముందే వీటన్నిటినీ ఒక సంచిలో వేసి కారులో పెట్టుకోకపోతే, అవి వంటపాత్రల అట్టపెట్టెలో కలిసిపోయి మూడు నెలల తరువాత మరో రాష్ట్రంలో బయటపడతాయి. ఇంటి పైకప్పు మీది శాటిలైట్ డిష్, దాని ముందు భాగంలో సంకేతాలను అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరం సంగతి మాత్రం ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అడగకుండా నిచ్చెన ఎక్కడం అనవసరమైన సాహసం.

పెట్టెను బోర్లించి చూస్తే అడుగున చిన్న కాగితపు స్టిక్కరు ఉంటుంది. దాని మీద ఒకటి కాదు, రెండు మూడు బార్‌కోడ్లు వరుసగా కనిపిస్తాయి. అందులో ఒకటి సీరియల్ నంబరు, మరొకటి నెట్‌వర్కులో ఆ పెట్టెను గుర్తించే మ్యాక్ అడ్రసు, ఇంకొకటి మోడల్‌కు సంబంధించినది కావచ్చు. ‘ఎస్ స్లాష్ ఎన్’ అన్న గుర్తు పక్కన ఉన్నదే మనకు కావలసినది. ప్రతి పెట్టెకూ ఆ స్టిక్కరు స్పష్టంగా కనిపించేలా ఒక ఫోటో, అన్నీ కలిపి బల్ల మీద పరచి మరో ఫోటో తీసుకోండి. రికార్డింగు సదుపాయమున్న పెట్టె అయితే అందులో దాచుకున్న కార్యక్రమాలు దానితోనే పోతాయి. అందులోని యాప్‌లలో మీ ఖాతాలు తెరిచి ఉంటే వాటి నుంచి బయటకు వచ్చి, ఆ తరువాతే ప్లగ్గు తీయండి.

అప్పగించే మార్గాలు కంపెనీని బట్టి ఉంటాయి. సొంత దుకాణం దగ్గరలో ఉంటే నేరుగా అక్కడ ఇవ్వవచ్చు. కొన్ని కంపెనీలు పార్సిళ్లు చేరవేసే యూపీఎస్ సంస్థ స్టోరులో తీసుకునే ఏర్పాటు చేశాయి. ఉదాహరణకు కామ్‌కాస్ట్ కంపెనీ కేబుల్ సర్వీసైన ఎక్స్‌ఫినిటీ వినియోగదారులు అట్టపెట్టె లేకుండానే పరికరాలను అక్కడికి తీసుకువెళ్లవచ్చు, ప్యాకింగు, రవాణా ఖర్చు వినియోగదారుడి మీద పడదు. మరికొన్ని కంపెనీలు ముందుగానే రుసుము చెల్లించిన లేబులుతో ఖాళీ అట్టపెట్టెను ఇంటికి పంపుతాయి. పరికరాలను అందులో పెట్టి మీరు తిరిగి పంపేటప్పుడు గుమ్మం ముందు వదిలేయకుండా కౌంటరు దగ్గరే ఇచ్చి రసీదు తీసుకోండి. యూపీఎస్ ట్రాకింగ్ నంబరు సాధారణంగా 1జెడ్‌తో మొదలయ్యే 18 అక్షరాల వరుస. దానిని ఫోనులో భద్రపరచుకోండి.

రసీదు దగ్గర తొందరపడకూడదని నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒకసారి రెండు పెట్టెలు, ఒక మోడెమ్ ఇచ్చి, చేతికి వచ్చిన రసీదును చూడకుండా జేబులో పెట్టుకుని వచ్చేశాను. తరువాతి నెలలో ఒక పెట్టె అందలేదంటూ బిల్లు వచ్చింది. తీరా చూస్తే రసీదులో మోడెమ్ నంబరు సరిగానే ఉంది కాని, రెండు పెట్టెలకూ ఒకటే నంబరు రెండుసార్లు పడింది. అంటే ఒకే స్టిక్కరును రెండుసార్లు స్కాన్ చేశారన్నమాట. బల్ల మీద తీసిన ఫోటో ఉండబట్టి ఆ పద్దు చివరకు రద్దయింది. అందువల్ల కౌంటరు దగ్గరే నిలబడి, మీ ఫోటోలలోని నంబర్లను రసీదులోని నంబర్లతో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. ఆ రసీదు థర్మల్ కాగితం కనుక వెంటనే దానికీ ఫోటో తీయాలి. టెక్సాస్ ఎండలో కారు డాష్‌బోర్డు మీద ఒక మధ్యాహ్నం వదిలేస్తే వేడికి అది నల్లబడి, అక్షరమన్నది మిగలదు.

రసీదు మీది తేదీకి చట్టపరమైన విలువ ఉంది. 2019 డిసెంబరులో ఆమోదం పొంది, 2020 డిసెంబరు 20 నుంచి అమలులోకి వచ్చిన టెలివిజన్ వ్యూయర్ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, వినియోగదారుడు పరికరాన్ని తిరిగి ఇచ్చేసిన తరువాతి కాలానికి కంపెనీ అద్దె వసూలు చేయరాదు. ఇచ్చిన రోజు వరకు అయ్యే అద్దె మాత్రం మీరు కట్టవలసిందే. ఆఖరి బిల్లు వచ్చే వరకు ఖాతాలోకి లాగిన్ అయ్యే వివరాలను ఉంచుకోండి. అది రాగానే సర్వీసు ఆగిన తేదీ, అద్దె లెక్కించిన రోజులు, తిరిగి ఇవ్వని పరికరానికి వేసే రుసుము అన్న మూడు పద్దులను చూడండి.

అన్నీ ఇచ్చినా రుసుము వేస్తే, ముందు కంపెనీకే ఫోటోలు, రసీదు జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వారు పట్టించుకోకపోతే ఇలాంటి కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దానిని కమిషన్ కంపెనీకి పంపిస్తే, కంపెనీ 30 రోజులలోగా సమాధానమివ్వాలి. ఫోనులో వారాల తరబడి తెగని లెక్క ఈ ఫిర్యాదుతో తెగిన సందర్భాలను నేను చూశాను.

బాకీ అప్పుల వసూళ్ల సంస్థ చేతికి వెళ్లినట్లు ఉత్తరం వస్తే దానిని పక్కన పడేయకండి. ఆ బాకీ వివరాలు తెలిపే నోటీసు అందిన 30 రోజులలోగా, అది మీది కాదని రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, రుజువు చూపే వరకు ఆ సంస్థ వసూలు ప్రయత్నాలు ఆపవలసి ఉంటుంది. ఇలాంటి పద్దు క్రెడిట్ నివేదికలోకి (మీ అప్పులు, చెల్లింపుల చరిత్రలోకి) ఎక్కితే ఏడేళ్ల వరకు కనిపించవచ్చు, ఇల్లు అద్దెకు అడిగినా కారు లోను అడిగినా అదే ముందుకు వస్తుంది. ఈ నివేదికలను తయారు చేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల నివేదికలను వారానికొకసారి ఉచితంగా చూసుకునే వీలుంది కనుక, పెట్టెలు ఇచ్చిన మూడు నాలుగు నెలల తరువాత ఒకసారి తెరిచి చూడండి.

ఇల్లు మారుతున్నవారు కంపెనీకి కొత్త చిరునామా ఇవ్వడంతో పాటు పోస్టాఫీసులో కూడా చిరునామా మార్పు నమోదు చేయించుకోవాలి, ఎందుకంటే మీకు రావలసిన సొమ్ము ఏదైనా ఉంటే అది చెక్కు రూపంలో పాత ఇంటికే వెళ్లవచ్చు.