పదాల పాఠాలు - 14: మళ్లీ డిసెస్టీమ్

పోయిన పాఠంలో డిసెస్టీమ్ (disesteem) అనే ఈ ఇంగ్లీషు మాట ఇచ్చి సొంత వాక్యాలు రాయమన్నాను. వచ్చినవి చదివాక కొత్త మాట జోలికి పోవడానికి ధైర్యం చాలలేదు. "కావలి బస్సులో చిల్లర అడిగితే కండక్టరు కసిరి నన్ను డిసెస్టీమ్ చేశాడు" అని ఒకరు. అదే ధోరణిలో ఇంకా చాలామంది. 'చులకన' అని ఒక్క ముక్కలో అర్థం చెప్పి వదిలేసిన తప్పు నాదే.

కసరడం డిస్‌రెస్పెక్ట్. అది నోటితోనో చేతితోనో చేసే పని. డిసెస్టీమ్ మనసులో కట్టుకున్న లెక్క. ఎస్టీమ్, ఎస్టిమేట్ రెండూ వెల కట్టడమనే అర్థమున్న ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయి. తక్కువ వెల కట్టామని ఎదుటివారికి తెలియనే అక్కర్లేదు. పండక్కి వచ్చిన అల్లుడికి చేపల పులుసులో మంచి ముక్క ఏరి కంచంలో వేయించి, 'ఎందుకూ కొరగాడు' అని లోలోపల అనుకునే మామగారిని తలచుకోండి. మర్యాదకు లోటు లేదు, ఉన్నదంతా డిసెస్టీమే.

పలికేటప్పుడు ఒత్తు 'స్టీమ్' మీద. నిఘంటువులు క్రియగానూ ఒప్పుకుంటాయి కానీ, చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి నేను వాడను. 'హోల్డ్ ఇన్ డిసెస్టీమ్' అంటే తక్కువగా ఎంచడం, 'ఫాల్ ఇంటు డిసెస్టీమ్' అంటే ఉన్న విలువ పోవడం. ఈ రెండూ వస్తే చాలు.

నాకు ఒళ్లు మండించేది వేరే ఉంది. దీన్ని డిస్‌యూజ్‌తో, అంటే వాడుక పోవడంతో, కలిపేయడం. "మొలగొలుకులు డిసెస్టీమ్‌లో పడ్డాయి" అని నెల్లూరు వారే రాస్తే ఎలా? ఆ వడ్ల సాగు తగ్గింది, నిజమే. పేరెత్తితే పెద్దవాళ్లకు ఇప్పటికీ నోరూరుతుందే! పోయింది వాడుక, విలువ కాదు. ఒంగోలు గిత్తా అంతే. ట్రాక్టరు వచ్చి దుక్కి మానింది. బండలాగుడు పోటీల్లో దాని దర్జా తగ్గిందా? ఆ జాతే బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీదుగా 'నెలోర్' అయి, అక్కడి మాంసపు పశువుల్లో ముఖ్యమైనదిగా నిలిచింది. మరి కొర్రన్నం? కనిగిరి, పొదిలి మెట్ట ప్రాంతాల్లో వరి అన్నం గొప్పయ్యాక, కొర్రలు తినేవాళ్లను చూసి ముఖం చిట్లించారు. అది అచ్చమైన డిసెస్టీమ్. ఇప్పుడు చక్కెర జబ్బు పుణ్యమా అని వాటికి మళ్లీ మర్యాద దక్కింది.

అభ్యాసం: మీ ఊళ్లో వాడుక పోయినా విలువ పోనిది ఒకటి, వాడుకలో ఉన్నా విలువ పోయింది ఒకటి వెతకండి. ఒక్కోదాని మీద అయిదు ఇంగ్లీషు వాక్యాలు రాయండి. కండక్టర్లు వద్దు.