మెయిళ్ల రద్దీ మొదలవ్వకముందే స్పామ్ ఫిల్టర్ సంగతి చూసుకోండి

ఏడాది చివర రోజుల్లోనో, పెద్ద సేల్ ముందో మెయిళ్లు ఒక్కసారిగా ఎక్కువవుతాయి. స్పామ్ ఫిల్టర్ మొరాయించేది కూడా సరిగ్గా అప్పుడే. స్పామ్‌ని పట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ స్పామ్‌అసాసిన్‌ని సర్వర్ మీద నడిపేవాళ్లు ఈ వారమే దాని లాగ్ ఫైలు తెరిచి ‘చైల్డ్ స్టేట్స్’ అని ఉన్న లైను చూడండి. మెయిళ్లు స్కాన్ చేసే ఒక్కో ప్రాసెస్‌కి అక్కడ ఒక్కో అక్షరం ఉంటుంది: ‘ఐ’ అంటే ఖాళీగా ఉన్న ప్రాసెస్, ‘బి’ అంటే పనిలో ఉన్నది. అన్నీ ‘బి’లే అయి, నిమిషాల తరబడి కదలకపోతే ఎక్కడో ఇరుక్కున్నట్టే.

ఆ పక్కనే మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు నడవచ్చో చెప్పే సంఖ్య) పెంచమని లాగే సలహా ఇస్తుంది. వెంటనే వినకండి. ఆ మాట నమ్మి నేనోసారి 5ని 30 చేశాను. ఒక్కో ప్రాసెస్ పదుల మెగాబైట్లు మింగి, మెమరీ చాలక సర్వర్ స్వాప్‌లోకి, అంటే నెమ్మదైన డిస్క్ మీదికి జారిపోయింది. అంతకుముందు ఐదు ఇరుక్కుంటే ఇప్పుడు ముప్పై. ఆ రాత్రి నిద్ర లేదు.

ముందు టాప్ కమాండ్‌లో ఇరుక్కున్న ప్రాసెస్ సీపీయూ ఎంత వాడుతోందో చూడండి. 100 శాతం దగ్గర ఉంటే ఏదో రూలు పెద్ద మెయిల్‌తో కుస్తీ పడుతోంది. ఫిల్టర్‌కి మెయిల్ అందించే స్పామ్‌సి ప్రోగ్రామ్ మామూలుగా 500 కేబీ దాటిన మెయిల్‌ని స్కాన్ చేయకుండా వదిలేస్తుంది, ఆ హద్దు పెంచి ఉంటే తగ్గించండి. సున్నా దగ్గర ఉంటే అది పని చేయట్లేదు, దేనికోసమో కాచుకుని కూర్చుంది. ఆ పిడ్‌కి (ప్రాసెస్ నంబర్‌కి) ఎస్‌ట్రేస్ తగిలించండి, అది దేనికోసం ఆగిందో చూపిస్తుంది. పోర్ట్ 53 కనిపిస్తే దోషి డీఎన్ఎస్, అంటే నెట్‌లో పేర్లూ అడ్రసులూ వెతికిపెట్టే వ్యవస్థ.

స్పామర్ల ఐపీలుండే బ్లాక్‌లిస్టులను (ఆర్‌బీఎల్) ఫిల్టర్ డీఎన్ఎస్ ద్వారానే అడుగుతుంది, ఆ జవాబుకి ఆగే టైమౌట్ మామూలుగా 15 సెకన్లు. మెయిల్‌కి అంత పడితే ఐదు ప్రాసెస్‌లు కలిసి నిమిషానికి 20 మెయిళ్లే దాటించగలవు. మీ సొంత క్యాషింగ్ రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు తెచ్చి గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్) పెట్టుకోండి, స్పామ్‌హాస్ లాంటి లిస్టులు పబ్లిక్ రిజాల్వర్ల నుంచి వచ్చే క్వెరీలకు సరైన జవాబివ్వవు. మూతపడ్డ లిస్టులు ఏరిపారేయండి. 2006 డిసెంబర్‌లో మూతపడ్డ ఓఆర్‌డీబీ అనే లిస్టు, 2008 మార్చిలో అడిగిన ప్రతి ఐపీనీ స్పామర్ అనడం మొదలుపెట్టింది. కాన్ఫిగ్‌లో దాన్ని మర్చిపోయినవాళ్లకి మంచి మెయిళ్లూ పోయాయి.

ఇంకో అనుమానితుడు బేయస్ డేటాబేస్, అంటే ఏ మాటలు స్పామ్‌లో ఎక్కువ వస్తాయో ఫిల్టర్ నేర్చుకుని దాచుకున్న లెక్క. అందులోని పాత టోకెన్లు (మాటల ముక్కలు) తీసేసే ఆటో ఎక్స్‌పైర్ మెయిల్ స్కాన్ మధ్యలోనే మొదలై లాక్ పట్టుకుంటే మిగతావి దాని వెనక క్యూ కడతాయి. దాన్ని ఆపేసి, అదే పని చేసే ఎస్ఏ లెర్న్ ఫోర్స్ ఎక్స్‌పైర్ కమాండ్‌ని రాత్రిపూట దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టండి. ప్రాసెస్‌ని బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టే అలవాటుంటే మానుకోండి, పాత లాక్ ఫైలు అక్కడే మిగిలిపోవచ్చు.

ఫిల్టర్ జవాబివ్వకపోతే మెయిల్ ఏమవ్వాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. స్పామ్‌సి డిఫాల్ట్‌గా 600 సెకన్లు ఆగి, మెయిల్‌ని స్కాన్ లేకుండానే వదిలేస్తుంది. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌కి ఫిల్టర్‌ని మిల్టర్ పద్ధతిలో తగిలిస్తే, అది మామూలుగా ‘తర్వాత రండి’ అని తిప్పి పంపుతుంది. నేనైతే ఈ రెండోదే పెడతాను, పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది కాబట్టి. మార్పులన్నీ అయ్యాక కాన్ఫిగ్‌లో తప్పులు పట్టే లింట్ ఒకసారి నడిపి, అప్పుడు రీస్టార్ట్ చేయండి.