బేసి తేదీ అక్కది, సరి తేదీ చెల్లిది: ఇద్దరు కూతుళ్లతో పొద్దుటి పూట నెట్టుకురావడం

మా ఆవిడ నర్సు. ఆమెకు ఉదయం డ్యూటీ పడిన వారం ఆరింటికల్లా ఇల్లు నా చేతికి వస్తుంది. ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో నాకు జిరాక్సు కొట్టు ఉంది, తొమ్మిదికి షట్టరు ఎత్తితే చాలు. ఆలోపల ఎనిమిదేళ్ల పెద్దపాపనీ ఐదేళ్ల చిన్నపాపనీ లేపి, స్నానాలు చేయించి, ఏదో ఒకటి తినిపించి, నాలుగు జడలు వేసి బడికి పంపాలి. మొదటి వారం నేను వేసిన జడలు చూసి టీచరమ్మ పెద్దదాన్ని పక్కకు పిలిచి, "మీ అమ్మకు ఒంట్లో బాగోలేదా?" అని అడిగారట. అప్పటి నుంచి రెండేళ్లలో నేర్చుకున్నది రాస్తున్నాను. నాలాంటి నాన్నలు ఎవరైనా ఉంటే పనికొస్తుంది.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పొద్దున్న జరిగే గొడవల్లో సగం జడ గురించి కాదు, అన్నం గురించీ కాదు. "ఎవరికి ముందు" అన్నదే అసలు గొడవ. బాత్రూములోకి ఎవరు ముందు, అద్దం ముందు ఎవరు ముందు, బండి మీద నా ముందు ఎవరు నిలబడాలి. రోజూ నేను తీర్పు చెప్పడం మొదలుపెడితే ఇద్దరికీ నేనే శత్రువును. అందుకని తీర్పు క్యాలెండరుకు అప్పగించాను. బేసి తేదీ పెద్దది ముందు, సరి తేదీ చిన్నది ముందు. కొట్లోంచి ఒక ఏ4 కాగితం తెచ్చి, పైన "ఎవరు ముందు" అని లావు అక్షరాలతో రాసి వంటింటి తలుపు పక్కన అంటించాను. బళ్లో వాళ్లకు ఒడియానే కాబట్టి ఇంట్లో ఇలాంటి కాగితాలన్నీ తెలుగులోనే రాస్తాను, ఆ వంకతో అక్షరాలు వస్తాయని. పెద్దది దాన్ని కూడబలుక్కుని "ఎవరు ముఠదు" అని చదివింది. ఒడియాలో ఠ అంటే ఒట్టి గుండ్రం సున్నాయే మరి. తప్పు దానిది కాదు.

ఈ పద్ధతి మూడు నెలలు బాగా నడిచింది. ఒక నెల ఒకటో తేదీన చిన్నది బాత్రూము తలుపు పట్టుకుని, "నిన్నా అక్కే, ఇవాళా అక్కేనా?" అని నిలదీసింది. నిన్న 31. నిజమే, 31 బేసి, 1 కూడా బేసి. కొట్లో తీరిగ్గా కూర్చుని లెక్క వేశాను. ఏడాదిలో బేసి తేదీలు 186, సరి తేదీలు 179. అంటే చిన్నదానికి ఏటా ఏడు రోజుల అన్యాయం. 31 రోజుల నెలలు ఏడు కదా, ఆ ఏడు 31లనూ ఎవరికీ కాకుండా తీసేస్తే ఇద్దరికీ సరిగ్గా 179 చొప్పున వస్తాయి. కాబట్టి ఇప్పుడు 31వ తేదీ నాన్నది. ఆ రోజు ముందు నా తల దువ్వాకే వాళ్ల జడలు. ఒకసారి వెనక పెట్టిన పువ్వు క్లిప్పు తీయడం మరిచిపోయి కొట్టుకు పోతే, ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చిన పెద్దాయన చెప్పేదాకా తెలియలేదు. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 సంగతి 2028లో చూసుకుంటాం.

ఇక జడలు. బడికి రెండు మడత జడలు, రిబ్బన్లతో. నూనె పొద్దున్న రాయకండి. ముందు రోజు రాత్రి కొబ్బరినూనె కొంచెం రాసి వదులుగా ఒక జడ అల్లి పడుకోబెడితే పొద్దున్నకు సగం చిక్కు ఉండదు. దువ్వడం చివర్ల నుంచి మొదలుపెట్టాలి. నేను మొదట్లో మాడు మీద దువ్వెన పెట్టి కిందికి లాగేవాణ్ణి. దాంతో చిక్కులన్నీ దిగి ఒక చోట ముద్దగా చేరేవి, పిల్ల ఏడుపు వీధి చివరికి వినిపించేది. ఇప్పుడు చిక్కు ఉన్న చోటుకు పైన జుట్టును ఎడమ పిడికిట్లో గట్టిగా పట్టుకుని, కింద నాలుగు వేళ్ల మేర దువ్వుతాను. అది విడిపోయాక పిడికిలి పైకి జరుపుతాను. లాగుడంతా నా పిడికిలి దగ్గరే ఆగిపోతుంది, మాడుకు తెలియదు.

పాపిడి ముక్కు సూటిగా తీసి, మెడ దాకా వెనక్కి తీసుకెళ్లాలి. వెనక వంకర పోయినా కనపడదులే అనుకుంటాం గానీ, ఒక జడ లావుగా ఒకటి సన్నంగా వచ్చేది అక్కడే. తర్వాత ఒక వైపు జుట్టుకు రబ్బరు బ్యాండు వేసి పక్కకు పెట్టేయండి. లేకపోతే ఈ వైపు వెంట్రుకలు ఆ వైపు జడలో కలిసి, విప్పేటప్పుడు మళ్లీ ఏడుపే.

మూడు పాయలు అందరికీ తెలిసినవే. కుడి పాయ నడిమి దాని మీదికి, ఎడమ పాయ నడిమి దాని మీదికి. నాకు తెలియనిది రిబ్బను. జడ మొత్తం అల్లేశాక చివర కట్టేవాణ్ణి, అది బడికి చేరకముందే జారిపోయేది. మా ఆవిడ చూపించింది: కొసకు ఇంకా జానెడు మిగిలి ఉండగానే రిబ్బను సరిగ్గా మధ్యకు పట్టుకుని నడిమి పాయ కింద నుంచి అడ్డంగా పెట్టాలి. కుడివైపు కొస కుడి పాయతో, ఎడమవైపు కొస ఎడమ పాయతో కలిపేసి, అవీ జుట్టే అన్నట్టు అల్లుకుంటూ పోవాలి. చివర ఒక ముడి. ఇప్పుడు జడను పైకి మడిచి, కొసను చెవి వెనక మొదలు దగ్గరకు తెచ్చి, రిబ్బను రెండు కొసలూ మొదలు చుట్టూ ఒక చుట్టు తిప్పి పువ్వు కట్టాలి. జడకు మీటరు రిబ్బను ఉంటే పువ్వుకు సరిపోతుంది. పాతపట్నం వెళ్లినప్పుడల్లా నాలుగు మీటర్లు తెస్తాను, బళ్లో రెండు ఎలాగూ పోతాయి.

బిగువు ఎంత అంటారా? జడ వేశాక పిల్ల కనుబొమలు పైకి లేచి ఆశ్చర్యపోయినట్టు కనిపిస్తే విప్పి మళ్లీ వేయండి. రోజూ అలా లాగి కడితే కణతల దగ్గర వెంట్రుకలు ఊడిపోతాయి.

వేసవిలో బడి పొద్దున్నే పెడతారు. ఆ రోజుల్లో ఇదంతా కుదిరే పని కాదు. రాత్రే రెండు జడలూ అల్లేసి, పొద్దున్న రిబ్బను వరకే కొస విప్పి కట్టేస్తాను. తిండికి పెరుగు కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ. పక్కింటి మౌసీ దాన్నే పొఖాళొ అంటుంది. పేరు ఏదైనా రెండు నిమిషాల్లో గిన్నె ఖాళీ.

ఇంత ముస్తాబు చేసి పంపితే బడి నుంచి ఏమి తెచ్చుకుంటారో చెప్పాలి. పేలు. వానాకాలంలో చిన్నది రెండు చేతులతో గోక్కుంటుంటే చూశాను, చెవుల వెనక, మెడ పైన ఈపులు. తెల్లగా, వెంట్రుకకు అతుక్కుని, చుండ్రులా ఊదితే పోవు. కిరసనాయిలు రాయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. రాయొద్దు, చర్మం కాలుతుంది, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మందుల షాపులో పెర్మెత్రిన్ ఒక శాతం లోషను అడిగి తెచ్చాను. షాంపూతో తలంటి, తువ్వాలుతో తుడిచి, తడి ఉండగానే మాడంతా పట్టించి పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. కండిషనరు వాడకూడదు. తర్వాత పేల దువ్వెనతో పాయ పాయగా దువ్వి, ప్రతిసారీ దువ్వెనను తెల్ల కాగితం మీద దులపాలి. మా వాళ్లకు ఇది సినిమా కన్నా ఇష్టం, ఎవరి తలలో ఎన్ని అని లెక్క పెట్టుకుంటారు.

నేను చేసిన తప్పులు రెండు. ఒకటి, చిన్నదానికే రాశాను. ఇద్దరూ ఒకే దిండు మీద తలలు ఆనించి పడుకుంటారని తెలిసి కూడా. రెండోది, ఒక్కసారితో ఆపేశాను. ఆ మందుకు పేలు చస్తాయి గానీ ఈపులన్నీ చావవు. అవి వారం పది రోజుల్లో పొదిగి మళ్లీ పేలవుతాయి. అందుకే తొమ్మిదో రోజున రెండోసారి రాయాలి. మూడు వారాలకు ఇద్దరి తలలూ, మా ఆవిడ తల కూడా నిండాక ఈ జ్ఞానం కలిగింది. ఇప్పుడు మొదటిసారి రాసిన రోజే క్యాలెండరులో తొమ్మిదో రోజుకు సున్నా చుడతాను. ఇల్లంతా ఉడకబెట్టే పని లేదు. పేను ఎగరదు, దూకదు, తల వదిలితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. దిండు గలీబులు, దుప్పట్లు, దువ్వెనలు వేడినీళ్లలో వేస్తే సరి.

సమానంగా చూస్తే చాలు అనుకునేవాణ్ణి గానీ, ప్రథమాష్టమి దగ్గర అది బెడిసికొట్టింది. కార్తీక పౌర్ణమి వెళ్లిన ఎనిమిదో రోజు ఇక్కడ ఇంటి మొదటి బిడ్డ పండగ. మన పంచాంగంలో కార్తీక బహుళ అష్టమి, ఒడియా వాళ్లకు అప్పటికే మార్గశిరం. మొదటి బిడ్డకు మేనమామ కొత్త బట్టలు పంపుతాడు, తల్లి హారతి ఇస్తుంది, పసుపు ఆకుల్లో ఎండూరి పిఠా వండుతారు. మేమూ చేస్తాం. మొదటి ఏడు చిన్నది ఏడుస్తుందని నేనే దానికీ గౌను కొన్నాను. చిన్నది ఏడవలేదు. పెద్దది హారతి దగ్గరే మొహం ముడుచుకుంది. "మరి ఇందులో నాది ఏముంది?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఆ రోజు ఒక్కటే గౌను వస్తుంది. చిన్నదానికి వంటింట్లో పని. పెరట్లోంచి పసుపు ఆకులు కోసి కడిగి తుడవడం, బియ్యం-మినప పిండి పరిచిన ఆకు మధ్యలో కొబ్బరి, బెల్లం ముద్ద పెట్టడం, ఆకు మడవడం. ఆవిరి మీద ఉడికాక ఆకు విప్పితే పిఠా మీద ఆకు ఈనెల అచ్చు పడుతుంది. ఆ మొదటి ఆకు విప్పే హక్కు దానిదే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ రోజు తేదీ బేసో సరో చూడం, జడ పెద్దదానికే ముందు. ఈ సంగతి తలుపు పక్కన కాగితంలో రాయమని చిన్నదే పట్టుబట్టి అక్క చేత రాయించింది. దాని కిందే తన పుట్టినరోజు కూడా రాయించుకుంది. అది బేసి తేదీ.