స్టాఫా దీవిలో ఫింగల్స్ గుహను చూడాలనుకునేవారికి

స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో, మల్ దీవికి కాస్త దూరంగా, మనుషులెవరూ కాపురముండని స్టాఫా అనే చిన్న దీవి ఉంది. దాని పొడవు సుమారు ఒక కిలోమీటరు, వెడల్పు అందులో సగం. ఆ దీవి దక్షిణపు కొసను సముద్రం తొలిచివేయగా ఏర్పడినదే ఫింగల్స్ గుహ. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వచ్చిన మనవాళ్లు చాలామంది ఎడిన్‌బరో కోట చూసి వెనుదిరుగుతుంటారు. మరో రెండు రోజులు చేతిలో ఉంటే ఈ గుహను తప్పక చూడమని నా మనవి. రెండు రోజులని ఎందుకంటున్నానంటే, ఒకరోజు సముద్రం పడవను గట్టుకు చేరనివ్వకపోతే మరునాడు మళ్లీ ప్రయత్నించే వీలుండాలి.

పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే తిరుగుతాయి. గ్లాస్గో నుంచి ఓబన్‌కు రైలులో మూడు గంటలకు పైగా పడుతుంది. అక్కడ ఫెర్రీ ఎక్కి ముప్పావు గంటలో మల్ దీవిలో దిగి, ఒక్క వాహనానికి మాత్రమే చోటున్న సన్నని రోడ్డు మీద బస్సులో గంటకు పైగా వెళితే ఫినఫోర్ట్ రేవు వస్తుంది. స్టాఫాకు వెళ్లే చిన్న పడవలు అక్కడి నుంచీ, ఎదురుగా ఉన్న అయోనా దీవి నుంచీ బయలుదేరుతాయి. ఇదంతా ఒక్కరోజులో ముగించుకునే యాత్రలూ ఉన్నాయి కానీ, మల్ మీద ఒక రాత్రి బస చేయడమే మేలు. టికెట్ కొనేటప్పుడే మూడు విషయాలు అడగండి: దీవి మీద ఎంతసేపు ఉండనిస్తారు, గుహ దాకా నడకదారి తెరిచి ఉందా, దిగడం కుదరకపోతే డబ్బు సంగతేమిటి. రాళ్లు విరిగిపడినప్పుడు ఆ దారిని మూసేస్తారు.

గాలి లేదు, ఎండ కాస్తోంది కాబట్టి సముద్రం నెమ్మదిగా ఉంటుందని అనుకోవద్దు. ఎక్కడో అట్లాంటిక్ నడుమ రేగిన తుఫాను తాలూకు ఉబ్బుటలలు, ఇక్కడ గాలి పడిపోయిన తరువాత కూడా వస్తూనే ఉంటాయి. పడవ నడిపే సరంగు ఈ రోజు దిగలేమంటే, బతిమాలకుండా ఆ మాట వినాలి. వాంతులయ్యేవారు పడవ ఎక్కడానికి ముందే మాత్ర వేసుకోవాలి. దీవిలో మరుగుదొడ్డి లేదు, దుకాణం లేదు. మంచినీళ్లు, వానకోటు, పట్టున్న బూట్లు వెంట ఉండాలి. గొడుగు వద్దు, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

గట్టున దిగాక గుహకు వెళ్లే దారి విరిగిన రాతిస్తంభాల తలల మీదుగానే సాగుతుంది. సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా మెల్లగా చల్లారి కుదించుకుపోతూ, ఎండిన చెరువు నెర్రెలు విచ్చినట్టు విచ్చుకుంది. ఆ నెర్రెలు లోలోపలికి దిగగా ఎక్కువగా ఆరు పలకల స్తంభాలు ఏర్పడ్డాయి. ఇది మనకు కొత్త రాయేమీ కాదు. రాజమండ్రి అవతల పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి, ఆదిలాబాద్ నల్లరేగడికి మూలమైన రాయి కూడా బసాల్ట్ అనే ఈ లావారాయి జాతివే, కాకపోతే ఇంకాస్త పాతవి. అడుగు వేసేముందు ఒక్కో స్తంభం తలను పరీక్షగా చూడండి. కొన్ని పళ్లెంలా లోపలికి వంగి, వాననీటినో ఉప్పునీటినో పట్టి ఉంచుతాయి. మరికొన్ని బోర్లించిన మూకుడులా ఉబ్బి కాలిని జార్చేస్తాయి. పొడిగా, చదునుగా ఉన్నవాటినే ఎంచుకుని, పట్టుకోవడానికి గోడకు బిగించిన తాడును వదలకుండా నడవాలి. తడిసి నల్లగా మెరుస్తున్న రాయి అంటే అక్కడికి అల వచ్చి వెళ్లిందని అర్థం. పిల్లల చేయి పట్టుకుని గోడవైపు నడిపించండి. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడవద్దు.

గుహ లోపలికి అడుగుపెట్టే ముందు పది నిమిషాలు ఆగి అలలను గమనించండి. చిన్నవి వరుసగా వచ్చి, వాటి వెనుక రెండు మూడు పెద్దవి రావడం కనిపిస్తుంది. ఆ పెద్దవి ఎంత ఎత్తుకు లేచాయో చూశాకే లోపలికి వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోండి. లోపల కప్పు సుమారు 20 మీటర్ల ఎత్తు, పొడవు 70 మీటర్లకు అటూఇటూ ఉంటుంది. అల చివరిదాకా పోయి గాలిని గోడకు అదిమినప్పుడు, దూరాన ఉరిమినట్టు ఒక బరువైన చప్పుడు పుట్టి స్తంభాల మధ్య మెల్లగా అణగిపోతుంది. స్కాట్లాండ్ ప్రాచీన భాషల్లో ఒకటైన గేలిక్‌లో దీనికి ఇంపైన ధ్వనుల గుహ అన్న అర్థంలో పేరుంది. 1772లో ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ వచ్చి చూసి వర్ణించాక దీని కీర్తి యూరప్ అంతటా పాకింది. 1829లో సంగీతకర్త మెండెల్సన్ వచ్చాడు. దయచేసి లోపల ఫోను పాటలు పెట్టకండి, పిల్లలను కేకలు వేయనివ్వకండి. ఆ చప్పుడు వినడానికే కదా ఇంత దూరం వచ్చాం.

దీవి మీద దొరికేది సాధారణంగా గంటసేపే. ముందు గుహ చూసి, మిగిలిన సమయంలో నిటారు మెట్లెక్కి పైకి వెళ్లండి. ఏప్రిల్ చివర నుంచి జూలై దాకా అక్కడ రంగురంగుల ముక్కులున్న పఫిన్ పక్షులు గూళ్లు పెడతాయి. గడ్డి కింద వాటి బొరియలుంటాయి కనుక కాలిబాట తప్పకూడదు. కొండ అంచున కంచె ఉండదు. పక్షికి కాస్త దూరంలో కదలకుండా కూర్చుంటే అదే దగ్గరకు వస్తుంది. పడవకు తిరిగి వెళ్లాల్సిన వేళకు పావుగంట ముందే దిగడం మొదలుపెట్టండి. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఆ మెట్లు ఎక్కువ భయపెడతాయి.