పేపర్ ఓపెన్ యాక్సెస్‌లో వేయాలా? డబ్బు కట్టే ముందు ఇలా చూసుకోండి

"మేడం, ఎక్కడ వేస్తే బాగుంటుంది?" అని అడిగే స్కాలర్లు తక్కువ. "మేడం, డబ్బు కట్టేశాను, ఒకసారి చూడండి" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. మద్దిలపాలెంలో టీ తాగుతూ ఫోన్‌లోనే ఫీజు కొట్టేసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఓపెన్ యాక్సెస్ అంటే ఎవరైనా చందా కట్టకుండా చదువుకునేలా పేపర్‌ను తెరిచి ఉంచడం.

కావాల్సినవి: పేపర్ ఫైల్, ల్యాప్‌టాప్, ఒక తెల్లకాగితం, తీరికగా ఒక సాయంత్రం. ఫోన్‌లో మాత్రం ఈ పని చేయొద్దు.

ముందుగా ఈ పేపర్ ఎవరు చదవాలో కాగితం మీద రాయండి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వచ్చే చేపల మీద రాస్తే మత్స్యశాఖ ఆఫీసరు చదవాలి. ఆయన చేతిలో జర్నల్ చందాలేవీ ఉండవు. గణితంలో చిన్న ఫలితమైతే, దాన్ని చదివేవాళ్లు ఎలాగూ ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత సైట్‌లో, జర్నల్‌లో రాకముందే రచయిత పెట్టే ప్రీప్రింట్‌లోనే చదువుకుంటారు. దేశమంతటికీ కలిపి ప్రభుత్వమే జర్నల్స్ చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం 2025 జనవరిలో మొదలైంది కదా, ఇంకా ఓపెన్ యాక్సెస్ ఎందుకని వాదించేవాళ్లు ఉన్నారు. అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఇచ్చింది. అనకాపల్లిలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్ సంగతేంటి?

తర్వాత గ్రాంటు కాగితాలు తీయండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ), బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) డబ్బుతో చేసిన పనైతే, ఆమోదం పొందిన ప్రతిని అందరికీ తెరిచి ఉండే రిపాజిటరీలో, అంటే పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టాలని 2014 నుంచే పాలసీ ఉంది.

ఇక దారులు. గోల్డ్ అంటే జర్నలే తన పేపర్లన్నిటినీ అందరికీ తెరిచి ఉంచడం; ఇందులో చాలా జర్నల్స్ రచయిత దగ్గర ఫీజు తీసుకుంటాయి. డైమండ్‌లో రాసేవాళ్లూ కట్టక్కర్లేదు, చదివేవాళ్లూ కట్టక్కర్లేదు. హైబ్రిడ్ అంటే చందా జర్నల్‌లోనే ఫీజు కట్టి మీ ఒక్క పేపర్‌ను తెరిపించుకోవడం. గ్రీన్ అంటే చందా జర్నల్‌లో వేసి, మీ ప్రతిని మీరే రిపాజిటరీలో పెట్టుకోవడం. హైబ్రిడ్‌కు సొంత జేబులోంచి కట్టకూడదు. స్కాలర్‌షిప్ డబ్బుతో అసలే కట్టకూడదు. డైమండ్ దొరికితే డైమండ్, లేకపోతే గ్రీన్. ఈ వరస నేనింతవరకూ మార్చలేదు, మార్చే అవసరమూ రాలేదు.

గోల్డే కావాలంటారా? అయితే జర్నల్ అసలుదో కాదో తేల్చాలి. కొంప మునిగేది ఇక్కడే.

నాకు తెలిసిన ఒకబ్బాయికి "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే" అంటూ మెయిల్ వచ్చింది. పేపర్ పంపిన మూడో రోజుకే యాక్సెప్ట్ అయిపోయింది. రివ్యూ (నిపుణుల పరిశీలన) కింద ఉన్నది ఒకే ముక్క: ఇంగ్లిష్ సరిచూసుకోండి. రెండేళ్ల డేటాకు అదీ రివ్యూ! అనుమానం వచ్చి వెనక్కి తీసుకుంటానంటే, దానికీ ఫీజు అడిగారు. ఈలోపు పేపర్ వెబ్‌సైట్లో పెట్టేశారు. ఒకసారి అచ్చయినదాన్ని ఇంకో జర్నల్‌కు పంపలేం. డబ్బూ పోయింది, డేటా కూడా పోయినట్టే.

అందుకని మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు. డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ అనే సైట్ తెరిచి, జర్నల్ పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు) నంబరుతో వెతకండి. అక్కడున్న లింకుతోనే జర్నల్ సైట్‌లోకి వెళ్లండి. పేరున్న జర్నల్స్‌కు అచ్చుగుద్దినట్టు నకిలీ సైట్లు కట్టి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. పేరు అదే, లోగో అదే, మీ డబ్బు పడే ఖాతా మాత్రం వేరు.

ఎంపిక చేసిన జర్నల్స్‌ను చేర్చే స్కోపస్ డేటాబేస్‌లో ఉందంటే స్కోపస్ వాళ్ల సోర్స్ లిస్టులోనే చూడండి. అక్కడ కూడా కవరేజీ ఏ సంవత్సరం దాకా ఉందో చూడాలి, మధ్యలో తీసేసినవి చాలా ఉన్నాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) ఇచ్చేది క్లారివేట్ కంపెనీ. ఇంకెవరి పేరుతోనో అంకె కనిపిస్తే ఆ ట్యాబ్ మూసేయండి. 'యూజీసీ అప్రూవ్డ్' ముద్రను అసలు లెక్కలోకే తీసుకోవద్దు. తాను గుర్తించిన జర్నల్స్ జాబితా అయిన కేర్ లిస్టును యూజీసీయే 2025లో ఆపేసింది.

ఇవన్నీ సరిపోయినా ఇంకో పని ఉంది. ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరిని ఎంచుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఉన్న మెయిల్‌కు రెండు ముక్కలు రాయండి. ఒక్కరైనా జవాబిచ్చేదాకా డబ్బు కట్టొద్దు. మరీ చాదస్తం అంటారు, అననివ్వండి. కొత్త సంచికలో రెండు పేపర్లు మొత్తం చదవండి. ఒకే సంచికలో యోగా, కాంక్రీటు, కామర్స్ కలిసి కనిపిస్తే ఇక చదవక్కర్లేదు.

గ్రీన్‌కు ఇంత తతంగం లేదు. షెర్పా రోమియో అనే సైట్‌లో జర్నల్ పేరు కొడితే ఏ ప్రతి పెట్టొచ్చో, ఎన్ని నెలలు ఆగాలో చెబుతుంది. ఇప్పుడు దాన్ని ఓపెన్ పాలసీ ఫైండర్ అంటున్నారు. సాధారణంగా ఒప్పుకునేది రివ్యూ మార్పులన్నీ చేశాక మీరు పంపిన ఆఖరి వర్డ్ ఫైల్‌ను, ప్రచురణకర్త అందంగా పేజీలు కట్టిన పీడీఎఫ్‌ను కాదు. చాలామంది పోగొట్టుకునేది ఆ వర్డ్ ఫైల్‌నే. యాక్సెప్ట్ మెయిల్ వచ్చిన రోజే తేదీ వేసి విడిగా దాచి, కో-ఆథర్లకు కూడా ఒక కాపీ పంపేయండి.